తెల్ల ట్యూబు

బరంపురం గిరి రోడ్డులో కొన్నాను
బొటనవేలంత గువాష్ తెలుపు.
గుణుపురం దాకా బస్సులో
జాకెట్టులో దాచుకొచ్చాను,
పొట్నూరు మాస్టారి కంట పడకూడదని.
ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు.

ఆయన మాట ఒకటే:
నీటిరంగులో తెలుపు పెట్టరమ్మా, వదులుతారు.
కాగితం తెల్లగా పుట్టింది,
దాని తెలుపు దానికి ఉంచు.
కొంగనేసేటప్పుడు కొంగను ముట్టుకోకు,
చుట్టూ ఉన్న బురదను వెయ్యి.
తెల్లవారడానికి ఎవరైనా తెలుపు పూస్తారా?
చీకటి వదిలితే చాలు.

నలభై మందిమి,
ఒడియా బడిలో తెలుగు తిట్లు తింటూ
బురద వేశాం.
అందరి కొంగలూ మునిగిపోయాయి.
నాది ముక్కు దాకా.

వదలడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.
కుంచె తడిస్తే చాలు
అంచు దాకా పోయేదాన్ని.
మొన్న మంగళవారం సంతలో చతికిలబడి
వంశధార మీద పొద్దు, ఇసుక,
పసుపు కొమ్ముల బస్తాలు, చింతపండు ఉండలు,
వాటి మీద ఈగలు కూడా వేసి
లేచి చూసుకుంటే
సున్నం అమ్మే దాలెమ్మ ముందు
కుప్ప లేదు.
నా ఎర్రమట్టి పూత కింద
ఎక్కడో ఊపిరాడక ఉంది.
"నన్నేసినావు, నా సరుకేదే?" అంది.
నా ముఖం తెల్లబోయింది.
కాగితం మీద లేనిది అదొక్కటే.

రాత్రి మూత తిప్పాను.
మీగడ కంటే చిక్కన, వెన్న కంటే మొండి.
నీళ్లెక్కువైతే విరిగిన పాలలా పారిపోతుంది,
తక్కువైతే పెచ్చులూడుతుంది.
తడి మీద వెలిగిపోయి
ఆరేసరికి ఒక మెట్టు దిగుతుంది,
బేరం కుదిరాక అమ్మినవాడి ముఖంలాగ.

మూడుసార్లు సున్నం పోశాను.
మూడుసార్లూ కింది ఎరుపు పైకి పాకి
కుప్ప గులాబీ అయింది.
మట్టిరంగులో నేను కలిపిన లక్క ఎరుపు అది,
ఎవరి మాటా వినదు.
బస్టాండు దగ్గర ఒక దుకాణం బోర్డు ఉంది.
ఒడియా అక్షరాల వెనక, తెల్లరంగు కింద నుంచి
వానొచ్చినప్పుడల్లా
పాత తెలుగు పైకి తేలుతుంది.
"కిరాణా" వరకు చదవొచ్చు.
ఎవరి కిరాణాయో తెలీదు.

పక్క గదిలో సొంబారి సబర అద్దెకుంటుంది,
ఆస్పత్రిలో ఆయా.
పుట్టాసింగి దాటాక కొండ మీద వాళ్ల ఊరు.
నైట్ డ్యూటీ నుంచి వచ్చి
ఇంకా పడుకోలేదేటి అంది,
సగం ఒడియా, సగం తెలుగు.
చెప్పాను, తెలుపు వదలడం మరిచానని.
వదలడమేటి?
మా గోడ ఎర్రన. అందులో తెలుపెక్కడుంది
వదలడానికి?
బియ్యం నానాలి, నూరాలి,
పుల్ల కొస నలగ్గొట్టి
ఒక్కో మనిషినీ పెట్టాలి.
గుర్రం పెట్టాలి, గొడుగు పెట్టాలి,
దువ్వెన పెట్టాలి,
పోయినోళ్లు ఏటడిగితే అది.
మా మావ ఒకపాలి సైకిలు పెట్టాడు.
ఒకటి మరిచిపోతే?
కలలోకొచ్చి అడుగుతారు.
అప్పుడు?
మళ్లీ పెడతాం. గోడకేటి కోపం?
ఆవులించి తలుపేసుకుంది.

నాలుగో పూత
దాదాపు నీళ్లే లేకుండా వేశాను,
దాలెమ్మ అడిగింది కాబట్టి.
దగ్గరగా చూస్తే ఇప్పటికీ
కుప్ప అడుగున రవ్వంత ఎరుపు.

తర్వాతి మంగళవారం పట్టుకెళ్తే
ఆమె చాలాసేపు చూసి,
చెయ్యి చెంగుకు తుడుచుకుని,
ఒక్క వేలితో ముట్టింది.
"నాదింత తెల్లగుండదే.
గుల్ల కాల్చినోడు ఉత్త దొంగ."

ట్యూబును అడుగు నుంచి
మడతపెట్టుకుంటూ వస్తున్నాను.
సగం అయింది.
నా ఆరో తరగతి కొంగ ఇంకా ఉంది,
ట్రంకుపెట్టెలో, ముక్కు దాకా బురదలో.
నిన్న దాన్ని పైకి తీద్దామని
కుంచె ముంచాను.
తెలుపు కొసన ఆరిపోయేదాకా
పట్టుకుని కూర్చున్నాను.
తర్వాత కుంచె కడిగేసి
కొంగను అలాగే వదిలేశాను.